ప వత్తు చాలని వంటల పత్రిక

నేను సొంతంగా వంటల గురించి రాయడం మొదలుపెట్టింది ఆశయంతో కాదు, కోపంతో. ఆ కోపం తెప్పించింది బస్సారు.

బెంగళూరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు బస్సారు గురించి చెప్పనక్కర్లేదు. ఆకుకూర, బేడలు, అంటే పప్పు, కలిపి ఉడికించి, ఆ నీళ్లు వంచుకుని, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, కొబ్బరి, మిరపకాయలు నూరి ఆ నీళ్లలో కలిపి కాచే పల్చటి సారు అది. వంచగా మిగిలిన కూరకు తిరగవాత పెట్టుకుంటే నంజుకోవడానికి అవుతుంది. వేడి రాగిముద్దకు దాన్ని మించిన జోడు లేదు. చిక్కంతా 'సారు' అనే మాట దగ్గరే వచ్చింది. మాకు సారు అంటే చారు. మిగతా తెలుగువాళ్లకు సారు అంటే బడిపంతులు.

ఎనభైల మొదట్లో మేం చిక్కపేట వెనక ఒక సందులో ఉండేవాళ్లం. నేనూ, మా ఆయనా, మా అత్తమ్మా. మా ఆయన పీణ్యలో ఒక మెషిన్ షాపులో లేత్ మీద పనిచేసేవాడు. అత్తమ్మ ఆ సందులోనే పుట్టి, ఆ సందులోకే కోడలిగా వచ్చిన మనిషి. నోటినిండా తెలుగే, కానీ చదువుకున్నది కన్నడ బడిలో. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను హిందూపురం వైపు నుంచి వచ్చినదాన్ని కాబట్టి మా ఇంట్లో తెలుగు చదవడం, రాయడం నా శాఖ. పొయ్యి అత్తమ్మ శాఖ. పెళ్లయిన మూడేళ్లలో నేను పొయ్యి దగ్గరికి వెళ్లింది పాలు పొంగుతున్నాయని చెప్పడానికే. నాకు దక్కింది కత్తిపీట. అత్తమ్మ వండుతుంటే నేను కూరలు తరుగుతూ చూసేదాన్ని, చూసినవి రాసుకునేదాన్ని.

అలా రాసుకున్నవాటిని ఒక వారపత్రిక ఆడవాళ్ల పేజీకి పంపడం మొదలుపెట్టాను. ఆ పత్రిక దూరంగా వేరే ఊళ్లో అచ్చయ్యేది. మొదట టమాట సారు పంపాను. పది రోజులకు ఆ పేజీ చూసే ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'మీరు పంపిన వంటకంలో ఒక సారు ప్రస్తావన ఉంది. వారు ఏ పాఠశాలలో పనిచేస్తున్నారు? వారి పేరు కూడా వేయమంటారా?' అని. నేను ఓపికగా జవాబు రాశాను. తర్వాత బస్సారు పంపాను. అది నిజంగానే అచ్చయింది. పైన పెద్ద అక్షరాలతో 'బస్సు చారు' అని ఉంది. దాని కింద 'దూరప్రయాణాలు చేసేవారికి ఎంతో అనువైన వంటకం' అని ఉంది. పక్కన ఒక బస్సు బొమ్మ కూడా వేశారు. కిటికీలోంచి ఒకావిడ గరిటె బయటపెట్టి ఊపుతోంది.

మా ఆయన రెండు రోజులు నవ్వాడు. ఆ కాగితం పీణ్యకు పట్టుకెళ్లాడు కూడా. షాపులో అందరూ ఆయన్ని, "ఏమప్పా, సారు ఏ నంబరు బస్సులో దొరుకుతాది?" అని అడిగారట.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. "ఇంక ఎవరికీ పంపను. నేనే అచ్చేసుకుంటా," అన్నాను.

"ఏసుకో," అన్నాడు మా ఆయన ముద్ద మింగుతూ. ఆయన దేనికైనా అంతే. ఆలోచించకుండా సరే అంటాడు, ఆలోచన తర్వాత మొదలుపెడతాడు.

మా సందు చివర ఒక అచ్చాఫీసు ఉండేది. పెళ్లిపత్రికలు తప్ప ఇంకేమీ అచ్చువేయని అచ్చాఫీసు. యజమాని అరవై ఏళ్ల మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, వేళ్లకు ఎప్పుడూ సిరా. ఒక మూల తెలుగు అక్షరాల పెట్టె కూడా ఉండేది ఆయన దగ్గర. నాలుగు పేజీల చిన్న పత్రిక, నెలకొకటి, పేరు 'తిరగవాత' అని చెబితే తల ఊపాడు.

"పెండ్లిపత్రికలు కోసినాక మిగిలిన కాయితం శానా ఉండాదమ్మా. దాంట్లోనే ఏసిస్తా. మంచి దప్పంగా, అట్ట మాదిరి ఉంటాది," అన్నాడు.

మొదటి సంచికలో నిప్పట్లు, అంటే మిగతా తెలుగువాళ్ల చెక్కలు, టమాట సారు వేశాం. చేతికి వచ్చిన రోజు నేను సంతోషంతో పేజీ వాసన చూశాను. పసుపు వాసన వేసింది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. పైన వినాయకుడు. ఆయనకిరువైపులా అరటిచెట్లు. లోపల నిప్పట్లు చేసే పద్ధతి అయిపోయిన చోట, 'తామెల్లరు సకుటుంబ సపరివారంగా విచ్చేసి మమ్మానందింపజేయ ప్రార్థన' అని ఉంది.

"ఇదేమిటండీ?" అని అడిగాను.

ఆయన కళ్లద్దాలు పైకి తోసి చదివి, "అయ్యో, అది ఎప్పుడూ అట్లే నిలిపిపెట్టి ఉంటామమ్మా. మారేది పేర్లు, ముహూర్తమే కదా. తీసేది మరిచిపోయినా," అన్నాడు. తర్వాత నన్ను ఓదార్చడానికి, "ఉండనీలేమ్మా, మంచి మాటే కదా," అన్నాడు.

నిజమే, మంచి మాటే. కానీ దాన్ని నమ్మినవాళ్లున్నారు. పత్రికలు మేం పంచింది మా వీధి పిండిమరలో. రాగులు మర పట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు ఎలాగూ కూర్చుంటారు కదా, చదువుకుంటారని నా ఆలోచన. ఆ ఆదివారం పొద్దున పదింటికి నాలుగు కుటుంబాలు మా ఇంటికి వచ్చాయి. పట్టుచీరలు, తలల్లో కనకాంబరాలు. ఒక పెద్దాయన కానుకగా స్టీలు చెంబు తెచ్చాడు. తలుపు తీసిన నన్ను, "పెండ్లికొడుకు యాడుండాడమ్మా?" అని అడిగాడు.

"పెళ్లి లేదండీ. నిప్పట్లు," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నిప్పట్లే కానీ," అని చెప్పులు విప్పాడు.

నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. అత్తమ్మ మాత్రం కొంగు బిగించింది. మూడు శేర్ల బియ్యప్పిండి కలిపింది. అందరికీ వేడివేడి నిప్పట్లు వేసి పెట్టింది. కొరికితే కరకరమని, నోట్లో పడగానే కరిగిపోయాయి. వచ్చినవాళ్లందరూ ఆమెను పొగుడుతూ తిన్నారు, పొట్లాలు కట్టుకుని వెళ్లారు. ఆ చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ రోజంతా అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "నీ పత్రిక బాగుండాది. మళ్లీ ఎప్పుడు?" అని అడిగింది.

అసలు కష్టం వారం తర్వాత మొదలైంది. అదే జనం ఇంటికి వెళ్లి, పత్రిక ముందు పెట్టుకుని, నిప్పట్లు చేశారు. పిండిమర దగ్గర నన్ను ఒకావిడ ఆపి, చేతిలో ఒక నిప్పట్టు పెట్టింది. "కొరుకు," అంది. కొరికాను. పన్ను మిగిలింది, అదే భాగ్యం. "మా ఇంట్లో వక్కలు కొట్టేకి పెట్టుకున్నాము," అంది ఆవిడ. ఎగతాళి చేస్తోందనుకున్నాను. నిజంగానే పెట్టుకున్నారు.

నేను మా పత్రిక తీసి నాలుగుసార్లు చదివాను. అత్తమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక్క అక్షరం పోలేదు. ఆ నెలంతా నాకు ఏమీ అర్థం కాలేదు.

రెండో సంచికకు పులుసన్నం గొజ్జు, అంటే పులిహోర కలుపుకునే గుజ్జు, ఎంచుకున్నాను. అచ్చాఫీసాయన రాతప్రతి చూస్తూ చూస్తూ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మా, ప వత్తు చాలదు."

"అంటే?"

"ఉప్పు, పప్పు, గుప్పెడు, కప్పు, ఇప్పుడు, అప్పుడు... ఒక్కో పేజీకి నలభై అడుగుతాండారు మీరు. పోయిన నెల ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చినా, ఇచ్చేసినా. నా దగ్గర ఉండేది పదకొండే. పెండ్లిపత్రికలో ప వత్తుకు పనేముండాది చెప్పండి? శ్రీలు కావాలంటే ఎన్నైనా ఇస్తా. శ్రీలు రెండు డబ్బాలుండాయి."

వంటలో శ్రీలు ఎక్కడ వాడాలో నాకు తోచలేదు. "ఎలాగో సర్దండి," అని వచ్చేశాను. ఆయన సర్దాడు. పదకొండు వత్తులూ మొదటి పేజీలోనే అయిపోయాయి. రెండో పేజీ నుంచి వత్తు లేకుండానే వేశాడు. ఉపు తగినంత. శనగపపు గుపెడు. ఇపుడు పొయ్యి ఆపాలి. చదువుతుంటే చంటిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని వంట నేర్పుతున్నట్టుంది. చివరి పేజీ అడుగున ఆయనే సొంతంగా ఒక వాక్యం చేర్చాడు: 'అచ్చుతపులకు మన్నించగలరు.'

నేను మూడో సంచికకు తెలివిగా రాయాలనుకున్నాను. ప వత్తు రాకుండా రాశాను. పప్పు అనకుండా బేడలు అన్నాను, అది ఎలాగూ మా మాటే. గుప్పెడు అనకుండా చేతినిండా అన్నాను. ఉప్పు దగ్గర చిక్కుకున్నాను. ఒక పూటంతా ఆలోచించి 'లవణం' అని రాశాను. ఆ నెల మా వీధిలో ఒకావిడ మూలికల అంగడికి వెళ్లి లవణం కావాలని అడిగింది. అంగడివాడు ఏ నొప్పికి అని అడిగాడట. పులగానికి అని చెప్పిందట. వాడు రెండు రకాలు కట్టిచ్చాడు, పరగడుపున వేసుకోమన్నాడు.

ఈ గొడవల మధ్యలో గొజ్జు గురించి ఫిర్యాదులు వచ్చాయి. చేదుగా ఉందని కొందరు, పులుపు నాలుకను కోస్తోందని కొందరు. నేను నేరుగా అచ్చాఫీసుకు పోయి ఆ పెద్దమనిషి మీద విరుచుకుపడ్డాను. మీ అక్షరాలు మింగేయడం వల్లే నా పరువు పోతోందని అన్నాను. ఆయన సిరా వేళ్లు తుడుచుకుంటూ, "అక్షరాలు పోయిండొచ్చమ్మా. కానీ అక్షరం పోతే నిప్పట్టు రాయి అవుతాదా?" అని అడిగాడు. నాకు ఇంకా కోపం వచ్చింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆలోచించడం ఆయన అప్పుడు మొదలుపెట్టాడు.

"కొలతలు లేవు. అదీ సంగతి," అన్నాడు. "గుప్పెడు అంటే ఎవురి గుప్పెడు? మా షాపులో ఇట్ల చెప్తే గేటు బయటికి పంపిస్తారు."

మరుసటి ఆదివారం సంచిలోంచి వర్నియర్ కాలిపర్ తీశాడు. ఇనుపముక్కల మందం కొలిచే సాధనం అది. అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టి, ముందు బియ్యం పళ్లెం పెట్టి, "అమ్మా, ఒక గుప్పెడు తీ," అన్నాడు. తీసింది. కొలిచాడు. "ఇంకొకటి తీ." తీసింది. మొదటిదానికి రెండోదానికి పోలిక లేదు. పదిసార్లు తీయించాడు. పదీ పది రకాలు.

"అమ్మా, చెయ్యి ఒకే మాదిరి పెట్టల్ల."

"ఒకే మాదిరి ఎట్ల పెడతారప్పా? ఎన్నిమంది తింటారో తెలీకుండా చెయ్యి ఎట్ల మూసేది?" అంది అత్తమ్మ. "నిప్పట్లకైతే ఒక గుప్పెడు, సారుకైతే ఒక గుప్పెడు. చేతికి తెలుస్తాది."

"చేతికి తెలిస్తే కుదరదమ్మా, కాయితానికి తెలియల్ల."

చివరికి ఆయన సగటు తీశాడు. వారం తర్వాత లేత్ మీద తిప్పి మూడు స్టీలు గిన్నెలు చేసుకొచ్చాడు. వాటిమీద 'గుప్పెడు', 'చారెడు', 'చిటికెడు' అని చెక్కించాడు కూడా. అత్తమ్మ చేసిన నిప్పట్టును కాలిపర్‌లో ఇరికించి మందం చూశాడు. అది రెండుసార్లు విరిగిపోయింది. మూడోది నిలిచింది. మూడు మిల్లీమీటర్లు. నేను ఆ అంకెను సవరణగా నాలుగో సంచికలో వేశాను. పిండిమర దగ్గర ఆ సంచికను ఒకావిడ గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. చాలామందికి తెలుగు చదవడం రాదు, ఆ మర చప్పుడులో సగం వినబడదు. ఒక ముసలామె మా ఇంటికొచ్చి, "మిల్లీమీటరు ఏ అంగడిలో దొరుకుతాదమ్మా? మూడు ఎయ్యమన్యారంట," అని అడిగింది.

ఇంత చేసినా నిప్పట్లు రాళ్లలాగే ఉన్నాయి. మందం సరిగ్గా మూడు మిల్లీమీటర్లున్న రాళ్లు.

అప్పటికి ఐదు నెలలు గడిచాయి. నాకు నిద్ర పట్టడం తగ్గింది. రాసేవాళ్లకు వంట రాకపోతే ఇలాగే ఉంటుందని నాలో నేనే అనుకున్నాను. ఆరో సంచికలో బస్సారు వేసి, అదైనా బాగా కుదిరితే ఇంకో నెల చూద్దాం, లేకపోతే ఆపేద్దాం అని తీర్మానించుకున్నాను. నా కోపానికి మూలమైన బస్సారు. దాన్ని ఒక్క తప్పు లేకుండా రాయాలని పట్టుదల. అత్తమ్మ పక్కన కూర్చుని, ప్రతి మాటా రెండుసార్లు అడిగి రాశాను. అచ్చాఫీసాయన కూడా ఎక్కడో వెతికి ఒక డబ్బానిండా ప వత్తులు తెప్పించాడు. ఆ సంచికలో ఉప్పు ఉప్పుగానే పడింది.

రెండు వారాల తర్వాత, ఒక పొద్దున, ఒక పెద్దావిడ మా వాకిట్లో దిగింది. యాభై దాటిన మనిషి, నిండైన విగ్రహం, ముక్కుకు రెండువైపులా పుడకలు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. హొసకోటె నుంచి మొదటి బస్సుకు వచ్చానంది. వాళ్ల చెల్లెలి కోడలు మా పిండిమర నుంచి పత్రిక తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించిందట.

"బస్సారు రాసిండేది ఎవురు?" అని అడిగింది.

"నేనే," అన్నాను.

"చేసేది?"

"మా అత్తమ్మ."

"పిలువు."

అత్తమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. హొసకోటె పెద్దావిడ అరుగు మీద కూర్చుని క్యారియర్ విప్పింది. పై గిన్నెలో ముద్ద, కింద గిన్నెలో సారు. "మీరు రాసిండేది రాసిండేట్లే చేసినా. తిని చూడు," అంది.

అత్తమ్మ రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకింది. ముఖం ముడిచింది. "ఇదేం బస్సారమ్మా? ఇది బేడలు కడిగిన నీళ్లు."

"అదే నేను చెప్పేకి వచ్చింది! ఇట్ల సారు తాగే ఇంట్లో ముద్ద గొంతు ఎట్ల దిగుతాదమ్మా? పాపం, నీ కొడుకు ఎట్ల బతికుండాడో!"

అప్పటివరకు నిబ్బరంగానే ఉన్న అత్తమ్మకు ఆ చివరి మాట తగిలింది. కొడుకును అనేసరికి మెడ నిటారుగా అయింది. "నా చేతి సారుకు ఈ వీధి వీధంతా వస్తాది, తెలుసునా?"

"మరి ఇదేమి? ఏయ్ అమ్మాయ్, నువ్వు రాసిండేది చదువు."

నేను పత్రిక తెచ్చి చదివాను. ఆకు, బేడలు ఉడికించాలి. నీళ్లు వంచాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరపకాయలు వేయించి, కొబ్బరి, ధనియాలు, జీలకర్ర, చింతపండు చేర్చి నూరాలి. వంచిన నీళ్లలో కలిపి కాచాలి.

"అంతే చేసినా," అంది హొసకోటె పెద్దావిడ. "అంతకు మించి ఏమైనా ఉంటే నీకు తెలియల్ల. లేకుంటే నీకే రాదేమో."

"నాకు రాదా? ఉడికిన బేడలు ఒక గుప్పెడు మసాలాలో ఏసి నూరల్ల! అది ఎయ్యకుంటే సారు నీళ్లు గాక ఏమైతాది? ఆ మాత్రం కూడా తెలీదా?"

నేను పత్రిక వైపు చూశాను. అత్తమ్మ వైపు చూశాను.

"అత్తమ్మా, అది మీరు నాకు చెప్పలేదే," అన్నాను.

అత్తమ్మ కళ్లు వీధి వైపు తిప్పుకుంది. "నువ్వు అడగలే," అంది.

"ప్రతిదీ రెండుసార్లు అడిగాను."

"చెప్పినవాటినే రెండుసార్లు అడిగినావు. చెప్పనిది ఒకసారన్నా అడిగినావా?"

నేను లోపలికి పరుగెత్తి పాత సంచికలన్నీ పట్టుకొచ్చాను. అరుగు మీద పరిచాను. "నిప్పట్లలో?" అని అడిగాను.

అత్తమ్మ మెల్లగా, "కాగిన నూనె రెండు గరిటెలు పిండిలో పోసి కలపల్ల," అంది.

"గొజ్జులో?"

"వేయించిన నువ్వుల పొడి. స్వల్ప బెల్లం."

"టమాట సారులో?"

"మిరియాలు దంచి చివర్లో."

"పులగంలో?"

"పెసరబేడలు నేతిలో వేయించుకోవల్ల ముందు."

"ఉప్మాలో?"

"ఉప్మాలో ఏముంటాదే దాచేకి?" అంది అత్తమ్మ విసుక్కుంటూ.

నా కళ్లముందు ఆరు నెలలు తిరిగాయి. వక్కలు కొట్టే నిప్పట్లు, లవణం, మూడు గిన్నెలు, నేను అచ్చాఫీసాయన మీద వేసిన కేకలు. ఆ నిమిషంలో నాకు నిజంగానే ఒళ్లు మండింది. అరిచేదాన్నేమో. ఇంతలో హొసకోటె పెద్దావిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత అరుగు మీద క్యారియర్ మూత కూడా గలగలమంది.

"నేను కూడా," అంది కళ్లు తుడుచుకుంటూ. "నేను కూడా నా కోడలికి చెప్పలేదు. పదేండ్లాయ! పాపం అది ఈ పొద్దుకీ ఒబ్బట్లు చేసి, ఎందుకు చినుగుతాండాయత్తా అని ఏడుస్తాది."

అత్తమ్మ ఆమె వైపు తిరిగింది. "ఏం ఎయ్యవు నువ్వు?"

"పిండి రెండు గంటలు నూనెలో నానల్ల కదా. దానికి అర్ధగంట అని చెప్పినా."

ఇప్పుడు అత్తమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ ఒకళ్ల మోకాలు మీద ఒకళ్లు కొట్టుకుంటూ నవ్వారు. వాళ్ల మధ్య కత్తిపీటకు పరిమితమైన కోడలిని నేనొక్కదాన్నే. నవ్వాలో వద్దో తెలియక కాసేపు చూసి, చివరికి నేనూ నవ్వేశాను.

ఆవిడ వెళ్లాక అత్తమ్మ చాట ముందు పెట్టుకుని కందులు ఏరుతూ, తల ఎత్తకుండా అంది: "అంతా కాయితంలో ఏసేస్తే, ఇంక నన్ను అడిగేవాళ్లు ఎవురుంటారు?"

నేను పక్కన కూర్చుని నాలుగు కందులు ఏరాను. నాలో మిగిలిన కోపం కూడా పోయింది.

అచ్చాఫీసుకు వెళ్లి ఆ పెద్దమనిషికి జరిగింది చెప్పి మన్నించమని అడిగాను. ఆయన నవ్వలేదు. "మా అమ్మ కూడా అట్లే చేసిందేమోనమ్మా. నా పెండ్లాం చేసే ఊరగాయ ముప్పై ఏండ్లుగా బూజు పడతాండాది," అన్నాడు ఆలోచిస్తూ.

ఏడో సంచిక పూర్తిగా సవరణల సంచిక. వేయడానికి అత్తమ్మ ఒక షరతు పెట్టింది. తాను దాచినట్టు ఎక్కడా రాయకూడదు, కోడలు మరిచిపోయిందని రాయాలి. అలాగే రాశాను. 'సంపాదకురాలి మతిమరుపు వల్ల విడిచిపెట్టబడిన వస్తువులు' అని పైన వేసి, వంట వారీగా ఇచ్చాం. ఆ సంచిక పిండిమరలో పెట్టిన పూటకే అయిపోయింది. మళ్లీ వేయించాం, మళ్లీ అయిపోయింది. ఆడవాళ్లు పాత సంచికలు తెచ్చుకుని, మర చప్పుడులో ఒకళ్లనొకళ్లు అడిగి, పెన్సిలుతో నూనె, నువ్వులు, మిరియాలు చేర్చి రాసుకున్నారు. నా వైపు జాలిగా చూసేవాళ్లు. "ఇంత చిన్న వయసులోనే మతిమరుపా? సరస్వతాకు తిను," అని ఒకావిడ ఒక కట్ట నా చేతిలో పెట్టి వెళ్లింది.

పిండిమరకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు కాగితంలో చుట్టి నిప్పట్లు ఇచ్చేవాళ్లు. అవి విరిగేవి. అంతకంటే గొప్ప మెప్పు ఆ ఏడాది నాకేమీ దొరకలేదు.

అత్తమ్మ భయపడినట్టు కూడా జరగలేదు. అడిగేవాళ్లు తగ్గకపోగా పెరిగారు. అన్నీ రాసినా, ఎక్కడో ఇంకొకటి దాచి ఉంటారని వాళ్ల నమ్మకం. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని ఆమెను మెల్లగా పొగుడుతూ, మాటల్లో పెట్టి లాగడానికి చూసేవాళ్లు. ఆమె చిన్నగా నవ్వి, "ఏముంటాదమ్మా, అంతా కాయితంలో ఉండాది కదా," అనేది, ఏదో ఉన్నట్టు.

హొసకోటె పెద్దావిడా, అత్తమ్మా స్నేహితులయ్యారు. స్నేహితులంటే నెలకొకసారి కలుసుకుని, ఎదుటివాళ్ల వంటలో లోపాలు వెతికే స్నేహం. చిక్కుడు జాతి అనపకాయల కాలం వచ్చింది. ఏడాది నిండించే పన్నెండో సంచికకు పితికిన అనపగింజల సారు వేద్దామని, అది హొసకోటె పెద్దావిడ చేతనే చెప్పిద్దామని నేను అనుకున్నాను. అత్తమ్మ ముఖం మాడ్చుకున్నా, నాతో బస్సెక్కింది. అక్కడ ఆవిడ ముందురోజే నానబెట్టిన గింజల పొట్టు పితికి, మా ముందే అన్నీ వేసి చేసింది. ఈసారి నేను చెప్పింది కాకుండా చేతులు చూస్తూ రాసుకున్నాను. ఆవిడ కోడలు కూడా నా వెనక నిలబడి నా కాగితంలోకి తొంగిచూస్తూ ఉంది.

అత్తమ్మ ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద అడిగింది. మూడోసారి సారు పోయించుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి, "తినొచ్చు," అంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఊరొచ్చేదాకా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలిస్తూనే ఉంది.

పది రోజులకు ఒక మధ్యాహ్నం మా ఇంట్లో అదే వాసన వచ్చింది. పక్కింటామె వాసన పట్టుకుని గిన్నె తీసుకుని వచ్చింది. "ఎంత బాగుండాది! ఇది ఎవరి తీరు?" అని అడిగింది.

"మా అమ్మ చేసే తీరు," అంది అత్తమ్మ కళ్లు ఆర్పకుండా.

ఆ రోజు సెలవు. నేను హొసకోటెలో రాసుకున్నదంతా చదివి వినిపించగా విన్న మా ఆయన పీట మీద కూర్చుని తింటున్నాడు. తల ఎత్తి, "అమ్మా, ఇది హొసకోటె ఆవిడది కదా?" అన్నాడు.

అత్తమ్మ ఆయన పళ్లెంలో ఇంకో గరిటె పోసింది. "తినప్పా, మాట్లాడకుండా తిను. ఆరిపోతాది," అంది.